పాత ట్రాక్టర్‌కు ఫ్యాక్టరీ రంగు వేయడం ఎలా

పాత ట్రాక్టర్‌ను ఆఖరి బోల్టు దాకా విప్పి, ఒక్కో ముక్కకు విడివిడిగా రంగు కొట్టి, పైన కారుకు వేసే క్లియర్ కోటు (రంగు లేని మెరుపు పూత) వేస్తే అద్దంలా మెరుస్తుంది. కానీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండి ఎన్నడూ అలా లేదు. అక్కడ రంగు పని రెండు వేర్వేరు చోట్ల జరిగేది. మొదట ఇంజిన్, గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ బిగించి, ఆ పోత ఇనుప మొద్దు మొత్తాన్ని కడిగి, ఆరబెట్టి ఒకేసారి స్ప్రే కొట్టేవారు. బానెట్, మడ్‌గార్డుల వంటి రేకు సామాను విడిగా ప్రైమర్, ఎనామెల్ వేసుకుని, ఓవెన్‌లో కాలి వచ్చి చివర్లో బిగిసేది.

ఫోర్డ్ 8ఎన్ (1947–52) చూస్తే ఇది ఇట్టే అర్థమవుతుంది: పోత భాగాలు ఎరుపు, రేకు లేత బూడిద. ఫెర్గూసన్ టీఈ20కి అంతటా ఒకే బూడిద. తర్వాత వచ్చిన ఎఫ్‌ఈ35లో పోతకు బంగారు ఛాయ ఇచ్చారు. అదే బండి 1957 చివర్లో మాసీ ఫెర్గూసన్ 35గా మారాక రేకు ఎరుపు, పోత బూడిద అయ్యాయి. మన దగ్గర మాసీ ఫెర్గూసన్ బళ్లు తయారుచేసే టాఫే కంపెనీ ట్రాక్టర్లలో కనిపించే ఎరుపు-బూడిద జోడీ ఆ వరస నుంచి వచ్చిందే. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ బళ్లు కూడా 1936 చివరి దాకా బూడిదే, ఎరుపు ఆ తర్వాతది. అందుకే రంగు డబ్బా కొనేముందు సీరియల్ నంబరుతో తయారైన ఏడాది తేల్చుకోవాలి.

అసలు ఛాయ కోసం ఎండ తగలని చోట వెతకండి: డీజిల్ ట్యాంకు కింద, బ్యాటరీ పెట్టె వెనక, నంబరు ప్లేటు అడుగున. అక్కడ 2000 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి రుద్ది, కాస్త రబ్బింగ్ కాంపౌండ్ పట్టించాకే షేడ్ కార్డు పక్కన పెట్టి చూడాలి. ఎండకు వెలిసి సుద్ద పట్టిన బానెట్‌ను చూపించి రంగు కలిపిస్తే ఎప్పుడూ ఒక మెట్టు పాలిపోయిన ఛాయే వస్తుంది.

ఈ పనిలో సగం శ్రమ కడగడానికే పోతుంది. ముందు ఆయిల్ సీళ్లు, గ్యాస్కెట్లు సరిచేయండి. కారే సీలు మీద ఎంత మంచి రంగైనా నెలలోపే పొరలుగా లేస్తుంది. కిరోసిన్‌తో గ్రీజు వదిలించి, ఆపైన వేడినీళ్లు, డిటర్జెంట్‌తో రెండుసార్లు కడగాలి. కిరోసిన్‌తోనే సరిపెడితే జిడ్డు పొర మిగిలి, రంగు చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. కాస్టిక్ సోడా వాడితే అల్యూమినియం భాగాలను తప్పించండి, వాటిని తినేస్తుంది. బిగించి ఉన్న ఇంజిన్‌కు ఇసుక బ్లాస్టింగ్ వద్దు. సీళ్లలోకి, బ్రీదర్‌లోకి (ఇంజిన్ గాలి వదిలే గొట్టం) ఇసుక చేరితే రంగు ఖర్చు పోయి ఇంజిన్ ఖర్చు నెత్తిన పడుతుంది. వైర్ బ్రష్ చాలు. పలుచటి రేకుకు గట్టి బ్లాస్టింగ్ చేస్తే వంకర్లు పోతుంది.

శుభ్రమైన ఇనుము మీద అదే రోజు రెడాక్సైడ్ ప్రైమర్ పడాలి. కాకినాడ, నెల్లూరు లాంటి తీర ప్రాంతపు తేమలో రాత్రికి రాత్రే తుప్పు పొర వస్తుంది. పోత ఇనుము గరుకును పుట్టీతో నింపకండి, ఫ్యాక్టరీలో ఆ గరుకు అలాగే ఉండేది. పుట్టీ రేకు సొట్టలకే.

రంగు సింథటిక్ ఎనామెల్. 35 హెచ్‌పీ బండికి పోత భాగానికి దాదాపు 2 లీటర్లు, రేకుకు అంతే, చక్రాలకు ఒక లీటరు. టర్పెంటైన్ 10–15 శాతం కలిపి, 1.4 మి.మీ. నాజిల్‌తో, 40 పీఎస్ఐ గాలి ఒత్తిడి దగ్గర కొట్టండి. మొదటిది పలుచటి కోటు. పది పదిహేను నిమిషాలకు వేలికి అంటీ అంటనట్టు అయ్యాక రెండోది నిండుగా. ఆ వేళ దాటి సగం ఆరిన రంగు మీద మరో కోటు వేస్తే థిన్నర్‌కు అడుగు ఉబ్బి, ముడతలు పడుతుంది. ఆలస్యమైతే వారం ఆగి, పేపర్ రుద్దాకే వేయాలి. ఎనామెల్‌లో ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్ రంగులకు వాడే) థిన్నర్ అసలే వద్దు.

పోత మొద్దు మీద బోల్టు తలలు, గ్రీజు నిప్పిళ్లు, పైపుల క్లిప్పులు అన్నీ అదే రంగులో మునగనివ్వండి. అసలు బండి గుర్తు అదే. నిప్పిల్ మొన మాత్రం తర్వాత తుడవాలి, లేదంటే గ్రీజు గన్ పట్టదు. రబ్బరు, బ్రీదర్, డిప్‌స్టిక్ మొదళ్లకు మాస్కింగ్ టేప్ వేయండి. ఎగ్జాస్ట్ మానిఫోల్డు మీద మామూలు ఎనామెల్ నాలుగు గంటల దుక్కికే కాలిపోతుంది. హీట్‌ప్రూఫ్ రంగు వేస్తే నిలుస్తుంది, అయితే అది ఫ్యాక్టరీ తీరు కాదు.

ఇంట్లో ఓవెన్ ఉండదు కాబట్టి రేకును నీడలో, దుమ్ము లేని చోట కనీసం వారం ఆరనిచ్చాకే బిగించండి. ముందే బిగిస్తే వాషర్ మెత్తటి రంగులోకి దిగి, ఊడదీసేటప్పుడు గుండ్రంగా పెచ్చు లేపుతుంది. స్టిక్కర్లు అన్నిటికంటే చివర. షాంపూ చుక్క కలిపిన నీళ్లు చిలకరించి, నడిమి నుంచి అంచులకు నెట్టాలి. రంగులో టర్పెంటైన్ వాసన ఇంకా వస్తుంటే ఆగండి, ఆ ఆవిరే స్టిక్కరు కింద బుడగలు కడుతుంది.