ఎండు రొయ్యల పొడిలా కీచురాళ్ళ పొడి: పెంపకం, వంట

బ్రెజిల్‌లో మాంసం కోసం మేపే పశువుల్లో ఎక్కువ భాగం ‘నెలోర్’ జాతివి. పేరు మన నెల్లూరుది, సంతతి మన ఒంగోలు పశువులది. అమెజాన్ అడవి కొట్టేసిన చోట చాలావరకు వెలిసినవి పశువుల బీళ్ళే. గొడ్డుమాంసానికి బదులు కీచురాళ్ళు తినమనడం ఇందుకే: గొడ్డు ఒక కిలో పెరగాలంటే దాదాపు 10 కిలోల మేత కావాలి, కీచురాయికి 1.7 కిలోలు చాలు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో ఇచ్చిన లెక్క ఇది. పైగా గొడ్డులో తినడానికి వచ్చేది 40 శాతమైతే, కీచురాయిలో 80 శాతం. అయితే ఈ లాభమంతా పెద్దమాంసం తినే ఇంటికే. కోడికి రెండున్నర కిలోల మేత సరిపోతుంది కాబట్టి అక్కడ తేడా తక్కువ. ఇక పప్పు మానేసి కీచురాళ్ళు వండుకుంటే భూమికి ఒరిగేదేమీ లేదు.

కీచురాళ్ళు పెంచే టబ్బు కొనకముందే ఒక సంగతి తేల్చుకోండి. రొయ్య, పీత తింటే ఒళ్ళు దద్దుర్లెక్కేవాళ్ళు, గొంతు బిగుసుకునేవాళ్ళు వీటి జోలికి పోవద్దు. రొయ్యలో పడని ప్రోటీనే పురుగుల్లోనూ ఉంది, ఉడికించినా పోదు. నెల్లూరులా రొయ్యల చెరువుల మీద బతికే జిల్లాలో ఈ మాట గట్టిగానే చెప్పాలి.

పెంపకానికి 60 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు తీసుకోండి. లోపలి గోడలు నున్నగా ఉండాలి. అంచు కింద నాలుగు వేళ్ళ వెడల్పున లోపలివైపు సెల్లో టేపు అంటిస్తే పైకి పాకలేవు. మూతకు సన్నటి ఇనుప జల్లెడే వాడండి, నైలాన్ తెర కొరికేస్తాయి. కోడిగుడ్ల అట్టలు అడ్డంగా పేర్చకుండా నిలబెట్టండి. రెట్ట కిందికి రాలిపోతుంది, నక్కడానికి సందులూ దొరుకుతాయి. ఒక టబ్బులో 500కి మించి పెట్టొద్దు. కిక్కిరిస్తే అమ్మోనియా ఘాటు కొడుతుంది, ఒకదాన్నొకటి తింటాయి.

తల్లి పురుగుల్ని పక్షులకు, అలంకార చేపలకు మేత అమ్మేవాళ్ళ దగ్గర కొనండి. పొలంలో పట్టినవి అసలు తినకండి. మిరప, పొగాకు చేలల్లో ఎన్నిసార్లు మందు కొట్టారో పురుగును చూస్తే తెలియదు. ఆడదాన్ని పోల్చుకోవడం తేలిక: తోక చివర సూదిలాంటిది పొడుగ్గా ఉంటుంది. ఆ సూదిని తడిమట్టిలో దించి గుడ్లు పెడుతుంది. అరచేతి మందం డబ్బాలో రెండంగుళాల కొబ్బరి పొట్టు తడిపి టబ్బులో ఉంచండి. పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, అంతే తడి. రెండు రోజులయ్యాక డబ్బా తీసి వేరే టబ్బులో పెట్టి మూత వేయండి. 30 డిగ్రీల దగ్గర పది రోజులకు అటూఇటుగా పిల్లలు వస్తాయి. నువ్వుగింజంత ఉంటాయి, చిన్న నీటిబొట్టులో కూడా మునిగి చస్తాయి. గిన్నెతో నీళ్ళు పెట్టకండి, తడిపిన దూది లేదా స్పాంజి చాలు. రోజూ మార్చాలి.

మేత విషయంలో పిసినారితనం పనికిరాదు. ‘ఇంట్లో మిగిలిన చెత్త వేస్తే చాలు’ అని నమ్మి మొదలెట్టినవాళ్ళ టబ్బులు నెల తిరక్కుండా ఖాళీ అవుతాయి. ఎండుగడ్డి, తొక్కల మీద ఇవి ఎదగవు. కోడిపిల్లల స్టార్టర్ మేత మెత్తగా పట్టి పళ్ళెంలో పల్చగా చల్లండి. పక్కన మునగాకు, గుమ్మడి ముక్క, క్యారెట్ పెట్టి, మర్నాటికి మిగిలింది తీసేయండి. బూజు పట్టిన ముక్క ఒక్కటి చాలు, టబ్బంతా పోతుంది. 500 పురుగులు పెరిగి పెద్దయ్యేసరికి దాదాపు కిలో మేత తింటాయి.

అన్నిటికంటే పెద్ద శత్రువు చీమ. బల్ల నాలుగు కాళ్ళ కిందా నీళ్ళ గిన్నెలు పెట్టండి, ఒక్క చుక్క కిరోసిన్ కూడా దగ్గరికి రానివ్వకండి. బల్ల గోడకు ఆనితే నీళ్ళ గిన్నెలున్నా లాభం లేదు. తర్వాత ఎండ. 28 నుంచి 32 డిగ్రీలు వీటికి హాయి. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద పెడితే మధ్యాహ్నానికి మిగలవు. తాటాకు కప్పో, తూర్పు గదో చూసి, పక్కన తడి గోనెసంచి వేలాడదీయండి. టబ్బు మీద మాత్రం కప్పొద్దు, గాలి ఆడదు.

ఆరు వారాలకు రెక్కలొచ్చి అరుపు మొదలవుతుంది. అదే కోతకు అదను. ఒక రోజు మేత ఆపి నీళ్ళు మాత్రమే ఇవ్వండి, కడుపు ఖాళీ అవుతుంది. లేకపోతే పొడి చేదెక్కుతుంది. అట్టలు బకెట్లో దులిపి, డబ్బాకెత్తి, ఫ్రీజర్‌లో 24 గంటలు ఉంచండి. టబ్బుకు అరకిలో దాకా పచ్చివి వస్తాయి, ఎండితే 150 గ్రాములు. వారం వారం కావాలంటే వారానికొకటి చొప్పున ఏడు టబ్బులు పెట్టుకోవాలి. అడుగున మిగిలిన రెట్ట కరివేపాకు మొక్కకు వేయండి.

ఫ్రీజర్లోంచి తీసినవి కడిగి, ఉప్పు, పసుపు వేసిన మరిగే నీళ్ళలో 5 నిమిషాలు ఉడికించి వార్చండి. ఉడికించినా కొన్ని సూక్ష్మజీవుల బీజాలు చావవు, అందుకే తడితో గిన్నెలో వదిలేయకూడదు. వెంటనే వేయించాలి, లేదా ఫ్రిజ్‌లో పెట్టాలి. వెనక కాళ్ళు, రెక్కలు గిల్లేయండి. కాళ్ళకుండే ముళ్ళు గొంతులో గుచ్చుకుంటాయి. మూకుట్లో నూనె లేకుండా సన్నసెగ మీద 20 నిమిషాలు కదుపుతూ ఉండండి. ఒకటి తీసి వేళ్ళ మధ్య నొక్కితే అప్పడంలా పటుక్కుమనాలి, లోపల మెత్తగా తగిలితే ఇంకా వేయించాలి.

పొడికి: వేయించినవి 100 గ్రాములు, ఎండుమిర్చి 12, ధనియాలు రెండు చెంచాలు, జీలకర్ర చెంచా, వెల్లుల్లి 8 రెబ్బలు, ఉసిరికాయంత చింతపండు, ఉప్పు. మిర్చి, ధనియాలు, జీలకర్ర విడిగా వేయించి, అన్నీ చల్లారాక మిక్సీ పట్టండి. వెల్లుల్లి, చింతపండు చివర్లో. వేడి మీదే మిక్సీ పడితే ఆవిరి పట్టి ముద్దవుతుంది, నాలుగు రోజుల్లో ముక్కిపోతుంది. ఫ్రిజ్‌లో నెల ఉంటుంది. వేడన్నం, నెయ్యితో ఎండు రొయ్యల పొడికి తీసిపోదు. కాకపోతే సముద్రపు వాసన ఉండదు, వేయించిన వేరుశనగకు దగ్గర.

ఇంత శ్రమకు ముందు పురుగుల రుచి చూడాలనుకుంటే తొలి వానలకు లేచే ఉసిళ్ళు, అంటే రెక్కల చెదపురుగులు, పట్టుకోండి. దీపం కింద బేసిన్లో నీళ్ళు పెడితే రాలిపడతాయి. వడకట్టి, ఉత్తి మూకుట్లో రెక్కలు మాడేదాకా వేయించి చేటతో చెరిగితే రెక్కలు ఎగిరిపోతాయి. ఉప్పు, కారం చల్లి బొరుగుల్లో కలుపుకోండి. కొవ్వెక్కువ కాబట్టి మొదటిసారి గుప్పెడు చాలు. చెదల మందు పోసిన ఇంటి చుట్టుపక్కల లేచినవి మాత్రం వదిలేయండి.