ఇంటి పచ్చిక, 4వ పాఠం: వేరు పురుగుకు ఏ మందు అని అడిగే ముందు

పోయిన పాఠంలో లాన్ కోసి ఎత్తి వేరు పురుగు (నేలలో ఉండి గడ్డి వేళ్లు తినే పెంకు పురుగు పిల్ల) ఉందేమో చూడమన్నాను. చూశారు. చూసిన వెంటనే చాలామంది షాపుకెళ్లి మందు తెచ్చి పోసేశారు. ఇప్పుడు అందరూ రాస్తున్నది ఒకటే మాట: "మందు పోశాం, పురుగు చావలేదు, గడ్డి ఎండుతూనే ఉంది." వేప పిండి చల్లినవాళ్లదీ అదే మాట. అందుకే ఈసారి చెప్పాల్సిన ఎరువుల సంగతి వాయిదా వేస్తున్నాను.

ముందు, మీకు దొరికింది వేరు పురుగేనా? అల్వాల్ నుంచి వచ్చిన ఫొటోలో ఉన్నది కంపోస్టు డబ్బాలోని పురుగు. పురుగును గచ్చు మీద వదలండి. వెల్లకిలా పడుకుని వీపు మీద పాకుతూ పోతే అది కుళ్లిన ఆకులు తినే రకం, దాన్ని మళ్లీ కంపోస్టులోనే వేసేయండి. ముడుచుకుని పక్కకు ఒరిగి ఉండిపోతే వేరు పురుగు. అదీ చదరపు అడుగుకు ఒకటో రెండో ఉంటే ఏమీ చేయొద్దు, ఆరోగ్యంగా ఉన్న గడ్డి తట్టుకుంటుంది. ఐదారు దాటితేనే ఈ పాఠంతో పని.

ఇక మందు పోసినా చావకపోవడం గురించి. తేడా నీళ్ల దగ్గర వచ్చింది. పురుగు ఉండేది వేళ్ల దగ్గర, రెండు మూడు అంగుళాల లోతున. నేల పొడిగా ఉంటే ఇంకా కిందికి దిగిపోతుంది. మీరు పిచికారీ చేసింది ఆకు మీద. ఆకుకీ మట్టికీ మధ్య ఎండిన కాడలు, పాత వేళ్లు అల్లుకుని ఒక పొర ఉంటుంది. మెక్సికన్ గడ్డి అనే లాన్ రకంలో ఇది బాగా మందంగా పెరుగుతుంది. మందు ఆ పొరలోనే ఆగిపోతుంది. క్లోరిపైరిఫాస్ అనే రసాయన మందు అయితే కిందికి దాదాపు దిగదనే చెప్పాలి.

ముందురోజు సాయంత్రం నేల తడపండి. మందు వేశాక అది ఆరకముందే అర అంగుళం నీళ్లు పెట్టండి. అంటే వంద చదరపు అడుగులకు సుమారు 120 లీటర్లు. పైపు పట్టుకుని "బాగానే తడిపాం" అంటే నేను ఒప్పుకోను. నిలువు గోడల స్టీలు డబ్బా ఒకటి లాన్ మధ్యలో పెట్టి, అందులో అర అంగుళం చేరేదాకా స్ప్రింక్లర్ ఆపకండి. మొరం మీద పల్చగా మట్టి పరిచిన లేఅవుట్లలో నీళ్లు ఇంకకుండా పక్కకు పారతాయి. అక్కడ సగం పెట్టి, అరగంట ఆగి మిగతా సగం పెట్టాలి. పారిన నీళ్లతో పాటు మందు నాలాలోకి, నాలా నుంచి చెరువులోకి పోతుంది. పెద్ద వాన వచ్చేలా ఉంటే ఆ రోజు అసలు వేయొద్దు, అదీ ఇందుకే. ట్యాంకర్ కొనుక్కుంటూ ఇన్ని నీళ్లు ఎక్కడివి అంటారా, నీళ్లు పెట్టలేని వారం మందు కూడా వేయకండి. సేంద్రియానికీ ఇదే పద్ధతి.

రసాయనమా, సేంద్రియమా అన్నది నెల చూసి తేల్చాలి. మృగశిర కార్తె వానలకు పెంకు పురుగులు నేలలోంచి లేచి, చీకటి పడగానే వేప చెట్ల మీద చేరతాయి. తర్వాత దిగి మట్టిలో గుడ్లు పెడతాయి. జూలైలో పిల్ల పురుగులు ఉంటాయి. ఆగస్టు చివరికి అవి బలిసి, గడ్డిని చాపలా చుట్టి ఎత్తగలిగేంతగా వేళ్లు కొరికేస్తాయి. ఇమిడాక్లోప్రిడ్ అనే రసాయన మందు బాగా పనిచేసేది పిల్ల పురుగు మీదే. సెప్టెంబరులో పోస్తే డబ్బు దండగ. అది తేనెటీగలకు చేటు కాబట్టి, ముందు గడ్డి చామంతి పూలు లేకుండా లాన్ కోయండి. క్లోరాంట్రానిలిప్రోల్ అనే మరో రసాయనంతో తేనెటీగలకు ముప్పు తక్కువ, కానీ నెమ్మదిగా పనిచేస్తుంది, ఇంకా ముందే వేయాలి. మాలీ "గుళికలు చల్లుతా" అంటే పేరు అడగండి. ఫోరేట్ అయితే గేటు దాటనివ్వకండి. 2020 చివరి నుంచి మన దేశంలో దాని వాడకం నిషేధం. లాన్ అంటే పిల్లలు చెప్పుల్లేకుండా తిరిగే చోటు. ఏ రసాయనమైనా లాన్ మొత్తానికి నేను పోయనివ్వను, గడ్డి ఎండిన మచ్చ, దాని చుట్టూ రెండడుగులు చాలు. మోతాదు, చేతి తొడుగుల సంగతి డబ్బా మీదే ఉంటుంది.

నా మొగ్గు మెటారైజియం వైపు. ఇది మట్టిలో బతికే శిలీంద్రం, పురుగు చర్మం మీద మొలిచి లోపలికి దిగి చంపుతుంది. చచ్చిన పురుగు మీద ముందు తెల్లగా, తర్వాత ఆకుపచ్చగా బూజు కనిపిస్తే పని జరుగుతున్నట్టే. వారాలు పడుతుంది కాబట్టి జూన్ చివర్లో, జూలైలో వేయాలి. బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి, తడి ఆరకుండా కొన్నాళ్లు నీడలో మగ్గనిచ్చి సాయంత్రం పూట చల్లండి. ఎండకు దాని బీజాలు చస్తాయి. పచ్చి పేడ వద్దు, దానితో పాటు పెంకు పురుగుల గుడ్లు, పిల్లలు కూడా లాన్‌లోకి వస్తాయి. మచ్చలు చూసి తెగులేమోనని పైన కార్బెండజిమ్ అనే శిలీంద్రాలను చంపే మందు పోయకండి, మెటారైజియం కూడా చస్తుంది. వేప పిండి తోడుగా మంచిదే, ఒక్కటే వేస్తే మాత్రం బలిసిన పురుగును చంపలేదు. ఆ దశలో పనికొచ్చేవి హెటెరోరాబ్డైటిస్ ఇండికా అనే నులిపురుగులు. మొక్కల వేళ్లకు బుడిపెలు తెచ్చే నులిపురుగులు వేరే రకం, ఇవి పురుగుల్నే చంపుతాయి. ఇలాంటివి సొంతంగా పెంచడం నేర్చుకోవాలంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని ఎన్‌ఐపీహెచ్‌ఎం (జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ)లో శిక్షణ ఇస్తారు.

వచ్చే జూన్‌కి ఒక చవక పని: రాత్రి ఎనిమిది దాటాక వేప కొమ్మ కింద తెల్ల దుప్పటి పరిచి కొమ్మ దులపండి. రాలిన పెంకు పురుగుల్ని సబ్బు నీళ్ల బకెట్లో వేయండి.

అభ్యాసం. మచ్చ మధ్యలో, మచ్చ అంచున, పచ్చగా ఉన్న చోట ఒక్కో చదరపు అడుగు మూడు వైపులా కోసి ఎత్తండి. ఎక్కువ పురుగులు అంచునే దొరుకుతాయి. మూడు చోట్లా లెక్క, పురుగు పొడవు రాసుకుని, గడ్డిని మళ్లీ పరిచి తొక్కి నీళ్లు పోయండి. మీ స్ప్రింక్లర్ డబ్బాలో అర అంగుళం నింపడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో కూడా రాయండి. ఈ అంకెలు పంపినవాళ్లకే మందు పేరు చెబుతాను.