ఇంగ్లీషులో కాలం మాటలు - 6: అన్‌టిల్

పోయిన పాఠంలో చూసిన 'సిన్స్' పని ఎప్పుడు మొదలైందో చెబుతుంది. 'అన్‌టిల్' చెప్పేది ఎక్కడ ఆగుతుందో.

బళ్లో దీనికి 'వరకు, దాకా' అని అర్థం చెప్పి వదిలేస్తారు. నేనూ అంతే నేర్చుకుని, ఉద్యోగంలో చేరిన కొత్తలో మేనేజర్‌కి 'ఐ విల్ సెండ్ ద రిపోర్ట్ అన్‌టిల్ ఫ్రైడే' అని మెయిల్ పెట్టాను. 'ఒక్కసారి పంపితే చాలు' అని జవాబొచ్చింది. అది ఎగతాళి అని వెలిగేసరికి సాయంత్రమైంది. నేను రాసింది 'శుక్రవారం దాకా పంపుతూనే ఉంటాను' అని మరి!

తమాషా ఏంటంటే, తెలుగులో ఈ తప్పు ఎవరం చెయ్యం. 'ఆరింటిదాకా ఆఫీసులో ఉంటా', 'ఆరింటికల్లా ఇంట్లో ఉంటా' అని తేడాగానే అంటాం. మొదటిది 'అన్‌టిల్ సిక్స్', రెండోది 'బై సిక్స్'. నోటికి 'కల్లా' గానీ 'లోపు' గానీ వచ్చిందంటే అక్కడ అన్‌టిల్ పెట్టకండి.

అసలు చిక్కు 'నాట్' తోడైనప్పుడు. 'ఐ డిడ్ నాట్ స్లీప్ అన్‌టిల్ త్రీ.' 'మూడింటిదాకా నిద్రపోలేదు' అంటే తప్పేం కాదు, కానీ సగమే వచ్చింది. మూడింటికి నిద్ర పట్టిందన్న సంగతి కూడా ఆ వాక్యంలో ఉంది. దానికి మన దగ్గర చక్కటి మాట ఉంది: 'మూడింటికి గానీ నిద్ర పట్టలేదు.' ఈ 'గానీ'ని పట్టుకోండి. బస్సు ఎనిమిదింటికి గానీ రాలేదు: 'ద బస్ డిడ్ నాట్ కమ్ అన్‌టిల్ ఎయిట్.' బస్సు ఇంకా రాకపోతే మాత్రం ఇది పనికిరాదు. 'టిల్ నౌ ఇట్ హాజ్ నాట్ కమ్' అని మనం తెగ వాడతాం గానీ, అక్కడ కావలసింది 'యెట్'. దాని సంగతి వచ్చే పాఠంలో.

'నువ్వు రానంతవరకు తినను' అనుకుని 'అన్‌టిల్ యు డోంట్ కమ్' అంటే దెబ్బతింటాం. 'వచ్చేదాకా' అని మార్చుకోండి: 'ఐ వోంట్ ఈట్ అన్‌టిల్ యు కమ్.' అన్‌టిల్ తర్వాత 'విల్' కూడా వద్దు, జరగబోయేదే అయినా సరే.

దూరానికీ ఇది కుదరదు. బస్టాండ్ దాకా నడిస్తే 'టు ద బస్ స్టాండ్', లేదా 'యాజ్ ఫార్ యాజ్'.

టిల్ అన్నా అర్థం అదే. అన్‌టిల్‌ని కోస్తే టిల్ వచ్చిందనుకుంటాం గానీ, టిల్లే పాతది. దాని ముందు చేరిన 'అన్' అర్థం కూడా 'దాకా'యే, మన 'నడిసెంటర్' లాగా ఒకే మాట రెండుసార్లు. స్పెల్లింగులో టిల్ చివర రెండు ఎల్‌లు, అన్‌టిల్ చివర ఒక్కటే.

ఇవి ఇంగ్లీషులో రాయండి. వాన తగ్గేదాకా ఇక్కడే ఉందాం. పదో తారీఖు కల్లా ఫీజు కట్టాలి. నిన్న అర్ధరాత్రికి గానీ కరెంటు రాలేదు. కాజీపేట దాకా టికెట్ తీసుకున్నాను. నాలుగింటిలో రెండిటికే అన్‌టిల్ కావాలి.