ఎండిన వంకలో మళ్లీ ఊట పుట్టాలంటే

కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో పుట్టి రాయలసీమలోకి దిగే పెన్న, చిత్రావతి, పాపాఘ్ని నదుల్లో వానలు వెలిశాక కూడా నీరుండేదనడానికి వాటి ఊటకాలువలే సాక్ష్యం. ఇసుకలో ఏటవాలుగా కాలువ తవ్వి, ఇసుక కింద కదిలే నీటిని చెరువులకూ పొలాలకూ మళ్లించిన పద్ధతి అది. ఎగువన నేలలో ఇంకి, నెలల తరబడి నెమ్మదిగా వంక వైపు నడిచి వచ్చిన వాననీరే ఆ ఊట. అందువల్ల వంకను పారించదలచిన ఊరు ముందుగా తన బావులను కొలుచుకోవాలి.

వంక ఒడ్డు నుంచి పైకి వెళ్లేకొద్దీ మూడు నాలుగు బావులను ఎంచుకొని, వానలకు ముందు మే నెలలోనూ, వానలు ముగిశాక నవంబరులోనూ నీటిమట్టం రాసిపెట్టాలి. నీళ్లు నింపిన పారదర్శక గొట్టంతో బావి గట్టుకూ వంక అడుగుకూ మధ్య ఎత్తు తేడాను కనుక్కోవచ్చు. బావిలో నీరు వంక అడుగు కన్నా పైన ఉంటే అది వంకలోకి ఊరుతుంది. కింద ఉంటే వంకలోకి వచ్చిన నీటినే నేల తాగేస్తుంది. ఈ తేడా తెలుసుకోకుండా చెక్ డ్యామ్‌కు పునాది తీయడం డబ్బును ఇసుకలో పోయడమేనని నా అభిప్రాయం.

పని కొండవాలు నుంచి మొదలుపెట్టి దిగువకు రావాలి. వాలుకు అడ్డంగా, ఒకే ఎత్తులో సాగే కందకాలు తీసి, చిన్న పాయలకు రాతికట్టలు వేసి, గట్ల మీద గడ్డి పెంచితే మట్టి పైనే ఆగుతుంది. ఎగువ పని వదిలేసి దిగువన కుంట కడితే రెండు మూడు వానలకే పూడిక చేరి అడుగు మూసుకుపోతుంది.

కుంటలో నీరు ఇంకుతోందో లేదో తెలుసుకోవడానికి గీతలు పెట్టిన కర్ర ఒకటి నీళ్లలో పాతితే చాలు. వానా, కొత్త నీటి రాకా, మోటారు తోడకమూ లేని వారం రోజులు మట్టం చూడండి. మండు వేసవిలో ఎండకు రోజుకు సెంటీమీటరు దాకా ఆవిరవుతుంది కనుక, అంతకు మించి రెండు మూడు సెంటీమీటర్లు తగ్గుతుంటే, కట్ట కింద నుంచి కారడం లేదని చూసుకున్నాక, మిగిలినది నేలలోకి వెళుతున్నట్టే. ఒక్క సెంటీమీటరే తగ్గుతుంటే పూడిక తీయించే సమయం వచ్చింది. నీరు ఇంకడానికే కట్టిన ఊటకుంటలో వేసవి దాకా నీళ్లు నిండుగా కనిపిస్తే సంతోషించకూడదు.

ఇసుక వంకల్లో, రెండు వైపులా రాయి దగ్గరగా వచ్చే ఇరుకు చోట, రాయి తగిలేదాకా తవ్వి బంకమట్టి గోడ కట్టి, పైన మీటరు ఇసుక కప్పే భూగర్భ ఆనకట్ట బాగా పనిచేస్తుంది. దిగువ ఊరి ఊటను అది ఆపుతుంది కాబట్టి వారి ఒప్పుకోలు లేకుండా కట్టకూడదు. ఇసుకను అమ్ముకున్న వంకలో ఇది కట్టినా ప్రయోజనం ఉండదు.

అన్నిటికన్నా కష్టమైనది బోర్ల తోడకాన్ని అదుపులో పెట్టడం. అనంతపురం ప్రాంతంలో ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అందులో 50 మిల్లీమీటర్లు ఇంకిందనుకుంటే హెక్టారుకు 500 ఘనపు మీటర్ల నీరు చేరుతుంది. శిథిలమైన నల్లరాయి పొరలో నీరు పట్టే ఖాళీ నూటికి రెండు పాళ్లనుకుంటే మట్టం రెండున్నర మీటర్లు లేస్తుంది. సెకనుకు 2 లీటర్లు పోసే ఒక బోరు రోజుకు ఏడు గంటలు నడిస్తే ఆ నీరంతా పది రోజుల్లో పైకి వచ్చేస్తుంది. ఈ లెక్క రైతులందరి ముందూ పలక మీద వేసి చూపాలి.

రాజస్థాన్‌లోని అల్వార్ జిల్లాలో రాజేంద్ర సింగ్ నాయకత్వంలోని తరుణ్ భారత్ సంఘ్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి పల్లెలు వందలాది జోహడ్‌లు (వాననీటిని ఆపే మట్టికట్టల కుంటలు) కట్టుకున్నాక అర్వరీ నది 1990లలో మళ్లీ ఏడాది పొడవునా పారింది. వారు అంతటితో ఆగకుండా సుమారు 70 ఊళ్లతో నదీ సంసద్ (నది పార్లమెంటు) ఏర్పరచుకొని, చెరకు వంటి నీటి పంటలకు అడ్డుకట్ట వేసుకున్నారు. మనకూ వరి, చీనీ (బత్తాయి) తోటల విస్తీర్ణం, కొత్త బోర్ల మధ్య దూరం గురించి గ్రామసభలో ముందే మాట అనుకోవడం తప్పదు.

ఫలితం మొదట కనిపించేది చెలమలో. ప్రతి ఫిబ్రవరిలో ఒకే చోట ఇసుక తోడి, ఎన్ని జానల లోతున నీరు ఊరిందో బడి గోడ మీద సంవత్సరంతో సహా రాయించండి.