ఇంజన్ చల్లగా ఉందని మురిసిపోకండి: సీజన్ ముందు బోటువాళ్లకు జాగ్రత్తలు

టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు వెళ్తే ఎవరికైనా టెన్షనే. అదే ముల్లు అడుగు నుంచి కదలకపోతే మాత్రం ఎవరూ పట్టించుకోరు. చలి కూడా ఇంజన్‌ను తింటుంది, కాకపోతే చప్పుడు చేయకుండా. వేడెక్కని సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా కాలదు. మిగిలింది గోడల వెంట జారి ఆయిల్‌లో కలిసి దాన్ని పలచన చేస్తుంది. లోపలి తేమ ఆవిరైపోక మడ్డి పేరుకుంటుంది, ప్లగ్గులు నల్లబడతాయి. డీజిల్ ఇంజనైతే తెల్లపొగ వదలడం మానదు.

అందుకే ఫోర్‌స్ట్రోక్ ఇంజనైతే ఒక్క బోల్టు కూడా విప్పకముందే ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అదే డిప్‌స్టిక్, తీసి చూడండి. ఆయిల్ మీరు పోసినదానికన్నా పెరిగి, పెట్రోలు వాసన కొడుతుంటే ఆ ఆయిల్‌తో ఇక నడపొద్దు. పాలు కలిపినట్టు కనిపిస్తే నీళ్లు చేరినట్టే. అది ఉత్త తేమేనా, ఎక్కడైనా లీకుందా అన్నది ముందు తేలాలి.

తర్వాత, గేజ్ నిజమే చెబుతోందా? ఇంజన్ వేడెక్కేదాకా చల్లబరిచే నీళ్లను ఆపి, వేడెక్కాక వదిలే చిన్న వాల్వే థర్మోస్టాట్. ఇంజన్ కాసేపు నడిచాక దాని మూత మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలవండి. మెరిసే లోహం మీద ఇది తక్కువ చూపిస్తుంది, నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొలవాలి. సముద్రపు నీళ్లతోనే చల్లబడే ఇంజన్లకు సాధారణంగా 60 డిగ్రీల దగ్గర తెరుచుకునే థర్మోస్టాట్ ఉంటుంది, ఎందుకంటే వేడి మరీ పెరిగితే ఉప్పు లోపల గట్టిగా పేరుకుంటుంది. కూలెంట్ విడిగా తిరిగే ఇంజన్లకు ఎక్కువగా 71 నుంచి 82 డిగ్రీలది వేస్తారు. మీ ఇంజన్‌కు ఎంత ఉండాలో మాన్యువల్ చూసుకోండి. థర్మామీటర్ సరైన అంకె చూపించి గేజ్ చూపించకపోతే తప్పు సెన్సార్‌ది, వైరుది, లేదా గేజ్‌ది. ఇంజన్ జోలికి పోనక్కర్లేదు.

గట్టు మీద పైపు నీళ్లు పెట్టి నడిపి తీర్పు చెప్పేయకండి. లోడ్ లేని ఇంజన్ సరిగ్గా వేడెక్కకపోవచ్చు. నీళ్లు లేకుండా మాత్రం క్షణం కూడా తిప్పొద్దు, పంపులోని రబ్బరు ఇంపెల్లర్ పాడవుతుంది. మూసిన షెడ్డులో అసలు స్టార్ట్ చేయొద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. పెట్రోలు ఇంజన్ బోటు లోపల ఉంటే ముందు బ్లోవర్ ఫ్యాను వేసి పెట్రోలు ఆవిరి బయటికి పోనివ్వాలి.

నెమ్మదిగా పోతున్నప్పుడు కూడా చల్లగానే ఉంటే ముందు థర్మోస్టాట్‌నే అనుమానించండి. ఇసుక రేణువో, ఉప్పు పెచ్చో, గవ్వ ముక్కో ఇరుక్కుని అది తెరుచుకునే ఉండిపోతుంది. బోటు వెనక బయట బిగించే ఔట్‌బోర్డు ఇంజన్లు కొన్నింటిలో నెమ్మదిగా ఉన్నప్పుడు బాగానే ఉండి, వేగం అందుకోగానే ముల్లు బాగా పడిపోతుంది. అప్పుడు నీటి ప్రెజర్ వాల్వు మూసుకోవడం లేదేమో చూడాలి.

విప్పేది ఇంజన్ పూర్తిగా చల్లారాకే. బోటు నీళ్లలో ఉంటే, సముద్రపు నీళ్లు లోపలికొచ్చే వాల్వు కట్టేసి, మరిచిపోకుండా ఇంజన్ తాళంచెవి ఆ వాల్వుకే తగిలించండి. ఉప్పు పట్టిన బోల్టులతో బలప్రదర్శన వద్దు. తుప్పు వదిలించే నూనె కొట్టి ఒక రాత్రి వదిలేయండి. అల్యూమినియంలో బోల్టు విరిగితే చిన్న పని పెద్దదవుతుంది.

మూత తీశాక లోపల థర్మోస్టాటే లేకపోతే ఆశ్చర్యపోకండి. ఎప్పుడో ఇంజన్ వేడెక్కిందని ఎవరో తీసి పారేసి ఉంటారు. నన్నడిగితే అంతకంటే చెడ్డ రిపేరు లేదు. థర్మోస్టాట్ ఉంటే చల్లగా ఉన్నప్పుడు మూసి ఉందో లేదో చూసి, గిన్నెలో నీళ్లు, థర్మామీటర్ పెట్టి వేడి చేయండి. దాని మీద ముద్రించిన డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలై, చల్లారాక మళ్లీ మూసుకోవాలి. అనుమానముంటే కొత్తది వేయండి, కానీ అదే డిగ్రీలది. స్ప్రింగు వైపు సాధారణంగా ఇంజన్ లోపలికి ఉంటుంది. గ్యాస్కెట్ మాత్రం కొత్తదే వాడాలి.

ఆయిల్ పలచబడి ఉంటే దాన్నీ, ఫిల్టర్‌నీ మార్చండి. తాళంచెవి తీసేముందు, మూసిన ఆ సముద్రపు నీళ్ల వాల్వు తెరవండి. మొదటిసారి ఒడ్డుకు దగ్గరలోనే లోడ్‌తో నడిపి, మూత దగ్గర తడి ఉందేమో చూసి, మర్నాడు చల్లగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ మళ్లీ తీసి చూడండి.