పెల్లెట్ వేగం కొలిచి ఎయిర్ రైఫిల్ గురి కుదుర్చుకోవడం ఎలా?

గొట్టం మూతి నుంచి మందు కూరే పాతకాలపు తుపాకీలో మందు, గుండు రెండూ కొలుచుకుంటూ గురి కుదుర్చుకుంటారు. లైసెన్సు లేకుండా ఆ జోలికి వెళ్తే ఆయుధాల చట్టం కింద కేసే. ఎయిర్ రైఫిల్‌లో మందు ఉండదు, సులువుగా మార్చగలిగేది పెల్లెట్ (చిన్న సీసపు గుండు) ఒక్కటే. పద్ధతి మాత్రం అదే: ముందు వేగం, తరువాత గురి.

మొదట పెల్లెట్ బరువు తెలియాలి. ఒక్కటి పెడితే వంటింటి తూకం కదలదు. 100 లెక్కపెట్టి నగల తూకంలో వేయించండి. ప్రొద్దుటూరు బంగారం అంగడిలో సీసం తూచమంటే వింతగా చూస్తారేమో, చూడనివ్వండి. 53 గ్రాములు తూగితే ఒక్కోటి 0.53 గ్రాము.

ఇక లోలకం. గుండు వేగం కొలవడానికి ఇంగ్లండు గణితవేత్త బెంజమిన్ రాబిన్స్ 1742లో తన పుస్తకంలో వివరించిన ఉపాయమిది. చిన్న డబ్బాలో బంకమన్ను మెత్తి, డబ్బాతో కలిపి 500 గ్రాములు చేయండి. నాలుగు దారాలతో, మీటరు కింద వేలాడేలా కట్టండి; ఒక్క దారంతో కడితే డబ్బా తిరిగిపోతుంది. వెనుక స్కేలు పెట్టి, డబ్బా తోసుకుపోయేలా తేలికైన కాగితం ముక్క నిలపండి. రెండు మీటర్ల దూరం నుంచి, మన్ను నడిమధ్య తగిలేలా కాల్చండి. మధ్యలో రంధ్రం చేసిన అట్ట అడ్డం పెట్టకపోతే గొట్టం నుంచి వచ్చే గాలి కూడా డబ్బాను నెడుతుంది. కళ్లద్దాలు, డబ్బా వెనుక గట్టి అడ్డు తప్పనిసరి.

కాగితం 5.7 సెంటీమీటర్లు జరిగిందనుకుందాం. దాన్ని మీటర్లలోకి మార్చి (0.057) 3.13తో, తరువాత 944తో హెచ్చించండి. 3.13 అనేది ఒక మీటరు పొడవు దారానికి వచ్చే లెక్క. 944 అంటే పెల్లెట్ దిగిన డబ్బా బరువు పెల్లెట్ బరువుకు ఎన్ని రెట్లో అది. సెకనుకు సుమారు 168 మీటర్లు. శక్తి 7.5 జౌల్స్ దగ్గర. స్కేలు మీద ఒక మిల్లీమీటరు తప్పు చదివితే మూడు మీటర్ల తేడా వస్తుంది కనుక పలుమార్లు కాల్చి సగటు తీయండి.

ఫోనుతోనూ సరిచూసుకోవచ్చు. పది మీటర్ల దూరంలో రేకు పెట్టి, ఫోనును సరిగ్గా నడిమధ్య ఉంచి శబ్దం రికార్డు చేయండి. రెండు శబ్దాలూ సమాన దూరం నుంచే వస్తాయి కాబట్టి కడప ఎండకు ధ్వని వేగం పెరిగినా లెక్క చెడదు. కాల్చిన చప్పుడుకూ తగిలిన చప్పుడుకూ మధ్య 0.062 సెకను ఉంటే సగటు వేగం సుమారు 161 మీటర్లు. దారిలో గాలి కొంత వేగం తినేస్తుంది, అందుకే లోలకం లెక్క కన్నా తక్కువ.

తరువాత గురి. గాలి మరలను తిప్పే అనంతపురం గాలిలో ఆరుబయట పరీక్షిస్తే పెల్లెట్‌ను కాదు, గాలిని పరీక్షించినట్టే. పొడవాటి గది చూసుకోండి. రైఫిల్‌ను మెత్తటి సంచి మీద ఆనించి, ఒక్కో రకంతో ఐదేసి కాల్చి, దూరంగా పడిన రెండు రంధ్రాల కేంద్రాల మధ్య కొలవండి; అది ఎంత తక్కువైతే గురి అంత బాగున్నట్టు. స్ప్రింగు బలంతో గాలిని నెట్టే రైఫిల్‌ను బిగించి పట్టుకుంటే రంధ్రాల గుంపు చెదురుతుంది. నూనె పెట్టాక మొదటి కొన్ని దెబ్బలు లెక్కలోకి తీసుకోవద్దు, వాటి వేగం నిలకడగా ఉండదు. సాధారణంగా ఎక్కువ వేగం ఇచ్చే తేలికపాటి పెల్లెట్ మీదకే మనసు పోతుంది. నేనైతే కాస్త నెమ్మదైనా వేగం మారని దానికే ఓటు వేస్తాను. సీసం ముట్టాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

కొన్ని నెలలకు అదే పెల్లెట్‌తో లోలకం ఊపు తగ్గితే స్ప్రింగు అలసిందనో, గాలి బయటికి పోకుండా ఆపే సీలు అరిగిందనో అనుకోవాలి. అప్పుడు పెల్లెట్ మార్చి లాభం లేదు.