పాత పోర్షే 911 కొనేముందు: పీపీఐలో ఏం చూడాలి, ఎలా చూడాలి

అమెరికాలో ఇప్పుడు ఒక మోస్తరు 996 కరెరా, అంటే పాత తరం 911, కొత్త కామ్రీ ధరకు అటూఇటూగా దొరుకుతోంది. ఇంకాస్త వేసుకుంటే దాని తర్వాతి తరం 997 వస్తుంది. కొనడం వరకూ సులువే. ఇంజను పోయిందంటే మాత్రం విప్పి మళ్లీ కట్టే ఖర్చు కారు ఖరీదుతో పోటీ పడుతుంది. పైగా వీటిలో ఖరీదైన జబ్బులేవీ బయటికి కనిపించవు. పెయింటు మెరుస్తూనే ఉంటుంది, లోపల సిలిండర్ గోడలు గీరుకుపోతూ ఉంటాయి. పైన పటారం, లోన లొటారం. డబ్బు కట్టకముందే చేయించే తనిఖీని అందరూ పీపీఐ (ప్రీ-పర్చేజ్ ఇన్‌స్పెక్షన్) అంటారు కానీ, బోర్‌స్కోప్ (సిలిండర్ లోపల చూసే సన్నటి కెమెరా), ఇంజను కంప్యూటర్ రీడింగ్ రెండూ లేని పీపీఐ ఈ కార్ల విషయంలో సగం పనే.

ఇక్కడ చెప్పేది 1999–2005 మధ్య మోడళ్ల 996కి, 2005–2008 మోడళ్ల 997కి. అంటే ఎం96, ఎం97 ఇంజన్లకు. 2009 మోడల్ నుంచి ఇంజను మారింది, అందులో ఐఎంఎస్ బేరింగే (పాత ఇంజన్ల లోపలి ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్, అది విరిగితే ఇంజనే పోతుంది) లేదు. అదే కాలపు టర్బో, జీటీ3లలో ఉండేది మెట్స్‌గర్ ఇంజను, దానికీ ఈ బేరింగ్ బెడద లేదు. దాని తలనొప్పి వేరు: కూలెంట్ గొట్టాల ఫిట్టింగులను కంపెనీ జిగురుతో అతికించింది, ఏళ్లు గడిచాక అవి ఊడతాయి. పిన్నులు కొట్టించారా, వెల్డింగ్ చేయించారా అని అడిగి బిల్లు చూడండి.

మెకానిక్‌ని వెతికేటప్పుడు ఒకటే నియమం. ఇన్నాళ్లూ ఆ కారుకు సర్వీసు చేసిన షాపు వద్దు, వాళ్ల పనిలో తప్పు వాళ్లే ఎత్తిచూపరు. పోర్షేలు మాత్రమే చేసే ఇండిపెండెంట్ షాపు ఒకటి చూసుకోండి. మీరు డాలస్‌లో ఉండి కారు సియాటిల్‌లో ఉన్నా ఇబ్బంది లేదు, కార్డుతో డబ్బు కడితే రిపోర్టు, ఫొటోలు, వీడియోలు పంపుతారు. ఊరిని బట్టి మామూలు తనిఖీకి 300 నుంచి 600 డాలర్లు, బోర్‌స్కోప్ కలిపితే వెయ్యి దాకా అవుతుంది. షాపుకు ఫోన్ చేసినప్పుడు “పీపీఐ చేస్తారా?” అని అడిగి ఊరుకోకండి. ఆరు సిలిండర్లకూ బోర్‌స్కోప్ పెడతారా, ఓవర్‌రెవ్ రిపోర్టు, అంటే ఇంజను హద్దు మించి ఎన్నిసార్లు తిరిగిందో చెప్పే లెక్క, ప్రింటు ఇస్తారా అని అడగండి. అమ్మేవాళ్లకు కూడా ఇవన్నీ ముందే మెసేజ్‌లో రాసి పెట్టండి. ససేమిరా అంటే వేరే కారు చూసుకోవడమే.

ఇంకో షరతు: కారు షాపుకు ముందురోజు సాయంత్రమే చేరాలి. చల్లటి ఇంజను స్టార్ట్ చేయడం తనిఖీలో మొదటి మెట్టు. పడుకోబెట్టిన సిలిండర్ల ఇంజను కాబట్టి రాత్రంతా ఆగాక ఒక్క ఉదుటున కాస్త పొగ వదిలి తేరుకోవడం మామూలే. దట్టమైన తెల్లపొగ నిమిషాల తరబడి ఆగకుండా వస్తే ఏఓఎస్, అంటే ఆయిల్‌నీ ఆవిరినీ వేరుచేసే భాగం, చిరిగినట్టే. ఇంజను తిరుగుతుండగా ఆయిల్ మూత తీయబోతే లోపలి నుంచి గట్టిగా పట్టి లాగుతున్నట్టుంటే అదీ దాని లక్షణమే. స్టార్ట్ చేయగానే టకటకమని కొన్ని క్షణాల్లో తగ్గే శబ్దం లిఫ్టర్లది (వాల్వులను కదిపే భాగాలు), కంగారు అక్కర్లేదు. బాగా వేడెక్కాక ఒకవైపు నుంచే, ఐడిల్‌లో లయగా వినిపించే టక్‌టక్ వేరు. దాని సంగతి కిందికొస్తుంది.

తర్వాత స్కానర్. మామూలు ఓబీడీ రీడర్ చాలదు, పోర్షేవారి పీవిస్ గానీ డ్యూరామెట్రిక్ గానీ ఉండాలి. ముందు రెడీనెస్ మానిటర్లు, అంటే కారు తనను తాను పరీక్షించుకుందో లేదో చెప్పే గుర్తులు, చూడమనండి. అన్నీ “నాట్ రెడీ” అంటుంటే నిన్నో మొన్నో ఎవరో కోడ్‌లు చెరిపేశారనో, బ్యాటరీ పీకారనో అర్థం. రెండోది ఓవర్‌రెవ్ లెక్క. 996లో సాధారణంగా రెండు శ్రేణులు, 997లో ఆరు. ఆ అంకెలు చూసి బెదిరిపోయేవాళ్లు ఎక్కువ, కానీ అందులో లెక్కపెట్టేది స్పార్కులను. 7,200 ఆర్‌పీఎం దగ్గర ఇంజను సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది, చుట్టుకు 3 స్పార్కులు, అంటే సెకనుకు 360. కాబట్టి మొదటి శ్రేణిలో 2,000 ఉందంటే కారు జీవితం మొత్తంలో ఆరు సెకన్ల లోపు లిమిటర్ (ఇంజను వేగానికి కంప్యూటర్ పెట్టే హద్దు) దగ్గర తిరిగిందని. దానికేం కాదు. 997లో 4, 5, 6 శ్రేణుల్లో అంకెలుంటే ఆగాలి. అంత వేగానికి ఇంజను తనంతట తాను వెళ్లదు. ఐదో గేరు నుంచి నాలుగుకు బదులు రెండులో పడేసినప్పుడు చక్రాలే దాన్ని తిప్పేస్తాయి, అప్పుడు వాల్వులు పిస్టన్లకు తగలొచ్చు. పక్కనే అది ఏ గంట దగ్గర జరిగిందో ఉంటుంది. దాన్ని మొత్తం నడిచిన గంటలతో పోల్చండి. ఆ తర్వాత వందల గంటలు నడిచి, కంప్రెషన్ కూడా బాగుంటే పెద్ద భయం లేదు. నిన్నగాక మొన్నటిదైతే వదిలేయండి.

ఆ గంటలతో ఇంకో పని కూడా ఉంది. మైళ్లను గంటలతో భాగించండి. 60,000 మైళ్లకు 2,000 గంటలైతే సగటు గంటకు 30 మైళ్లు, సహజమే. 40,000 మైళ్లకు 2,500 గంటలుంటే సగటు 16. ఊళ్లో ట్రాఫిక్‌లోనే బతికిన కారు కావచ్చు, ఓడోమీటర్ మీద ఎవరో చెయ్యేసి ఉండొచ్చు. సర్వీసు బిల్లుల మీది మైళ్లు వరసగా రాసుకుంటే ఏదో తేలిపోతుంది. ఇంజను వేడిగా, ఐడిల్‌లో ఉండగా రెండు బ్యాంకుల (ఇంజనుకు అటూ ఇటూ ఉన్న మూడేసి సిలిండర్ల వరసలు) కామ్‌షాఫ్ట్ డీవియేషన్, అంటే వాల్వుల టైమింగ్ ఎంత తప్పిందో, కూడా చదవమనండి. అంకె ±6 డిగ్రీల లోపు ఉండాలి, అటూఇటూ ఊగకూడదు.

అసలు పని బోర్‌స్కోప్‌ది. ఈ ఇంజన్లలో సిలిండర్ గోడ మీద ఉండేది సిలికాన్ కలిపిన అల్యూమినియం పొర. పిస్టన్ మీది పూత అరిగి ఆ పొరకు రాసుకుంటే నిలువు గీతలు పడతాయి. ఎక్కువగా దెబ్బతినేది రెండో బ్యాంకు, అందులోనూ ఆరో సిలిండర్. చలి ప్రాంతాల కార్లలో ఇది మరీ ఎక్కువ. పైన చెప్పిన టక్‌టక్, రెండు సైలెన్సర్ గొట్టాల్లో ఒకటే నల్లగా మసి పట్టడం, ఆయిల్ తాగడం దీని గుర్తులు. అయితే గుర్తులేవీ లేకుండా కూడా గీతలుండొచ్చు. “లీక్‌డౌన్ టెస్టు బాగా వచ్చింది, ఇంకేం చూస్తారు” అని అమ్మేవాళ్లు అంటారు. సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత కారిపోతుందో చూసే టెస్టు అది. గీతలు పడ్డ సిలిండర్‌లోనూ రింగులు గాలిని బాగానే ఆపగలవు, కాబట్టి ఆ టెస్టు దీనికి సాక్ష్యం కాదు.

వెనక చక్రాలు, కాయిల్స్, ప్లగ్గులు తీసి, క్రాంక్ పుల్లీని చేత్తో, గడియారం దిశలోనే తిప్పి, ఒక్కో పిస్టన్‌నూ కిందికి దించి ప్లగ్గు రంధ్రంలోంచి చూడాలి. కెమెరా తల పక్కకు వంగేది అయి ఉండాలి, లేకపోతే పిస్టన్ తల తప్ప గోడ కనిపించదు. బాగున్న గోడ అంతా ఒకే రంగులో, మెరుపు లేని బూడిద రంగులో ఉంటుంది. ముదురు నిలువు చారలు, లోహం పులిమినట్టున్న పట్టీలు ఉంటే అదే జబ్బు. గీతలు చాలాసార్లు కింది భాగంలోనే మొదలవుతాయి. అనుమానం మిగిలితే సంప్ ప్లేటు (ఇంజను అడుగున ఉండే ఆయిల్ పళ్లెం) విప్పి, పిస్టన్‌ను పైకి తెచ్చి కింది నుంచి చూడాలి. ఆయిల్ దించాలి, కొత్త సీలెంట్ వేయాలి, కాబట్టి ఖర్చు పెరుగుతుంది. 997 3.8 లీటర్ల కారుకు ఆ ఖర్చు తప్పనిసరి అనే మేం అంటాం.

ఐఎంఎస్ బేరింగ్ మాత్రం గేర్‌బాక్సు దించితే గానీ కనిపించదు, పీపీఐలో దాన్ని నేరుగా చూసే దారి లేదు. అందుకే కాగితాలు, ఫిల్టరు చూడాలి. 2000–2005 మధ్య వచ్చిన సింగిల్ రో బేరింగ్ అన్నిటికంటే బలహీనం. దాన్ని క్లచ్ మార్చేటప్పుడే మార్చేస్తారు కాబట్టి ఏ బేరింగ్ వేశారో, ఎన్ని మైళ్ల దగ్గర వేశారో బిల్లులో ఉండాలి. “మార్చాం” అనే నోటిమాట చెల్లదు. 2006–2008 ఇంజన్లలోది పెద్ద బేరింగ్, పాడవడం తక్కువ, కానీ ఇంజను విప్పకుండా మార్చడం కుదరదు. ఆయిల్ ఫిల్టరు విప్పి కాగితం మడతలు పరిచి అయస్కాంతం పెట్టండి. అంటుకునే మెరుపులు బేరింగ్ ఉక్కు కావచ్చు. అంటుకోని వెండిపొడి అల్యూమినియం. గోధుమ రంగు ప్లాస్టిక్ ముక్కలు చెయిన్ గైడ్లవి.

మిగతావి ఏ మంచి షాపైనా చూస్తుంది. ఇంజను, గేర్‌బాక్సు కలిసే చోట తడి ఉంటే రియర్ మెయిన్ సీలు (క్రాంక్‌షాఫ్ట్ వెనక చివర ఆయిల్ కారకుండా ఆపేది) కారుతున్నట్టే. చెమ్మ మాత్రమే అయితే తర్వాతి క్లచ్ పనితో పాటు మార్చుకోవచ్చు. 996 కూలెంట్ ట్యాంకు పగులుతుంది, దాని కింద తడి ఉందేమో చూడాలి. ముందు బంపర్ గూళ్లలో ఎండుటాకులు పేరుకుని రేడియేటర్లు, ఏసీ కండెన్సర్లు తుప్పు పడతాయి. క్లచ్ పెడల్ మరీ బరువుగా ఉంటే అరిగిందని అనుకోవాలి. టైరు మీద డాట్ నంబరు చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది. ఆరేళ్లు దాటితే, గాడి ఎంత ఉన్నా, కొత్త టైర్ల ధర బేరంలో తగ్గించమనండి. పెయింటు మందం మీటరు 100–150 మైక్రాన్లు చూపాలి. ఒక్క రెక్క మీదే 300 దాటితే మళ్లీ పెయింటు వేసి ఉంటారు, లోపల పుట్టీ కూడా ఉండొచ్చు. న్యూజెర్సీ, షికాగో వైపు కార్లయితే రోడ్ల మీది ఉప్పుకు సైలెన్సర్ బోల్టులు తుప్పు పట్టి విరిగిపోతాయి.

రిపోర్టు వచ్చాక దాన్ని రెండుగా విడదీయండి. బోర్లలో గీతలు, ఫిల్టరులో ఉక్కు, ఇటీవలి పెద్ద ఓవర్‌రెవ్: వీటికి బేరం లేదు, ఎంత తగ్గించినా వద్దు. టైర్లు, బ్రేకులు, ఏఓఎస్, కూలెంట్ ట్యాంకు, క్లచ్: వీటికి అదే షాపు దగ్గర రేటు రాయించుకుని ధరలో కోయించండి. ఎప్పుడైనా హైదరాబాద్ తీసుకెళ్దామన్న ఆలోచన ఉంటే మానుకోండి. మూడేళ్లు దాటిన కారును, ఎడమవైపు స్టీరింగ్ కారును ఇండియా దిగుమతి నిబంధనలు ఒప్పుకోవు. డబ్బు కట్టేరోజు అద్దం కిందా, డోరు దగ్గరా ఉన్న 17 అక్షరాల విన్ నంబరును టైటిల్‌తో కలిపి చూసుకోండి. కారు మీద ఇంకా లోన్ ఉంటే డబ్బు అమ్మేవాళ్ల చేతికి ఇవ్వకుండా, వాళ్లతో కలిసి బ్యాంకుకు వెళ్లి అక్కడే కట్టి లియన్ రిలీజ్ కాగితం, అంటే కారు మీద బ్యాంకుకు ఇక హక్కు లేదనే పత్రం, తీసుకోండి.